రూపాయి లెక్కలో ఐరోపా

విదేశీ ప్రయాణం ఖర్చు మాట వచ్చినప్పుడల్లా రూపాయి పడిపోయిందన్న ఫిర్యాదుతో చర్చ మొదలై అక్కడే ఆగిపోవడం పరిపాటిగా మారింది. యూరో 1999 జనవరిలో లెక్కల్లోకి వచ్చినప్పుడు దాని విలువ సుమారు 50 రూపాయలు. 2025లో అది 100 రూపాయలు దాటింది. పావు శతాబ్దంలో యూరో ముందు రూపాయి సగమైపోయిందన్నది కాదనలేని సత్యమే గాని, ఐరోపాలో ఒక ఊరు రెండు రోజుల్లో ఖాళీ చేసే జేబుతో మరో ఊళ్లో వారం రోజులు నిశ్చింతగా ఎలా గడుస్తుందో ఆ సంఖ్య చెప్పదు. బలహీనమైన ద్రవ్యం చేతపట్టుకుని బయలుదేరేవారు చౌకైన గమ్యాన్ని దేన్నిబట్టి ఎంచుకోవాలన్న ప్రశ్నను మారకం రేటు వైపు నుంచి గాక, ధరల స్థాయి, ఖర్చుల కూర్పు, బస చేసే రోజుల సంఖ్య అనే మూడింటి వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ద్రవ్యాల మారకం తెలుగువారికి కొత్త సంగతేమీ కాదు. నిజాం రాజ్యంలో చెలామణి అయిన హాలీ సిక్కాకూ, కల్దారు అని పిలిచిన బ్రిటిష్ ఇండియా రూపాయికీ మధ్య ఏడుకు ఆరు చొప్పున మారకం ఉండేది. 1959లో హాలీ సిక్కా పూర్తిగా రద్దయ్యేదాకా తెలంగాణ వర్తకులు రెండు లెక్కలూ నోటిమీద కట్టేవారు. దేశం దాటే ప్రయాణికుడికి మాత్రం చాలాకాలం మారకం రేటు సమస్యే రాలేదు, ఎందుకంటే మార్చుకోవడానికే అనుమతి లేదు. 1970లలో విదేశానికి వెళ్లే భారతీయుడికి దక్కిన విదేశీ ద్రవ్యం 8 డాలర్లు. అక్కడ బంధువులో మిత్రులో ఆదుకుంటే తప్ప ఆ సొమ్ముతో ఒక రాత్రి గడవడమే కష్టం. 1994 ఆగస్టులో కరెంటు ఖాతా లావాదేవీలకు, అంటే వ్యాపారం, చదువు, ప్రయాణం వంటి అవసరాలకు, రూపాయిని మార్చుకునే స్వేచ్ఛ లభించింది. 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ప్రవేశపెట్టిన సరళీకృత చెల్లింపుల పథకం కింద వ్యక్తి ఏడాదికి 25,000 డాలర్లు బయటికి పంపే వీలు కలిగింది. నేడు ఆ పరిమితి 2,50,000 డాలర్లు. మధ్యతరగతి కుటుంబం ‘ఐరోపాలో ఎక్కడ చౌక’ అని అడగగలగడం, అందువల్ల, ఒక తరం లోపలి పరిణామమే.

ఈ ప్రశ్నకు ఆర్థికశాస్త్రంలో పునాది వేసినవాడు స్వీడన్‌కు చెందిన గుస్తావ్ కాసెల్. రెండు దేశాల ద్రవ్యాలను అవి తమ తమ గడ్డమీద కొనగలిగే సరుకులను బట్టి పోల్చాలన్న భావనకు ఆయన 1918లో ‘కొనుగోలు శక్తి సమానత’ అని పేరుపెట్టాడు. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో జరిగే అంతర్జాతీయ పోలిక కార్యక్రమం 2017 సంవత్సరానికి కట్టిన లెక్క ప్రకారం, అమెరికాలో ఒక డాలరుకు దొరికే సరుకులూ సేవలూ భారతదేశంలో 20 రూపాయల 65 పైసలకే దొరికేవి. అదే డాలరును బ్యాంకులో కొనాలంటే 65 రూపాయల 12 పైసలు చెల్లించాల్సి వచ్చేది. స్వదేశంలో మూడు పూటలు తిండిపెట్టే రూపాయి అమెరికాలో ఒక్క పూటకే సరిపోతుందని దీని తాత్పర్యం. రూపాయి ఒక్క పైసా పడకపోయినా ఈ అంతరం ఉండి తీరుతుంది. సంపన్న దేశాలన్నింటి విషయంలోనూ, కొద్దిపాటి తేడాలతో, ఇదే వరస కాబట్టి భారతీయ ప్రయాణికుడిని ప్రధానంగా బాధించేది ఏడాదికేడాది జరిగే క్షీణతకన్నా పాతదైన ఈ అంతరమే.

అంతరం ఎందుకు ఏర్పడుతుందో 1964లో ఇద్దరు విడివిడిగా వివరించారు: ఒకరు అమెరికాకు చెందిన పాల్ శామ్యూల్సన్, మరొకరు బుడాపెస్ట్‌లో పుట్టిన బేలా బలాషా. వారి వాదాన్ని గుంటూరు మంగలి, జ్యూరిక్ మంగలి అనే ఉదాహరణతో తేలికగా గ్రహించవచ్చు. ఇద్దరూ గంటలో కత్తిరించగలిగే తలలు ఇంచుమించు సమానమే అయినా, జ్యూరిక్ చుట్టుపక్కల కర్మాగారాల్లో మనిషి గంటకు తీసే ఉత్పత్తి విలువ చాలా ఎక్కువ కాబట్టి అక్కడి కూలీ రేట్లు పెరిగి, మంగలిని ఆ వృత్తిలో నిలబెట్టాలంటే అతనికీ ఆ స్థాయిలోనే ముట్టజెప్పాల్సి వస్తుంది. సెల్‌ఫోను, పెట్రోలు, విమానం టికెట్ వంటివి సరిహద్దులు దాటి అమ్ముడుపోతాయి కాబట్టి, పన్నులను పక్కనపెడితే, వాటి ధర ఎక్కడైనా దగ్గరదగ్గరగా ఉంటుంది. క్షవరం, మంచం, వండిన భోజనం, ఊళ్లో బస్సు ప్రయాణం సరిహద్దు దాటలేవు కాబట్టి స్థానిక జీతాలను బట్టే వాటి ధర నిలుస్తుంది. ప్రయాణికుడు కొనేది అధికభాగం ఈ రెండో రకమే. చౌక గమ్యమంటే, కాబట్టి, స్థానికుల వేతనాలు తక్కువగా ఉన్న చోటు. ఈ నిర్వచనంలో ఒక నైతికమైన బరువు ఉంది. దాని ప్రస్తావన చివరలో వస్తుంది.

ఐరోపా సంఘం గణాంక సంస్థ యూరోస్టాట్ ఏటా ప్రకటించే ధరల స్థాయి సూచిక ఈ అంతరాలను కొలిచే సాధనం. సంఘ సభ్యదేశాల సగటును 100గా తీసుకుంటే ఇటీవలి సంవత్సరాల్లో డెన్మార్క్ 140కి పైన, సంఘంలో లేని స్విట్జర్లాండ్ 170కి పైన ఉండగా, బల్గేరియా 60 దగ్గర, రొమేనియా దాని పక్కనే నిలిచాయి. ఒకే ఖండంలో దాదాపు మూడు రెట్ల తేడా! రూపాయి ఒక ఏడాదిలో పది శాతం పడితే ఆందోళన చెందే ప్రయాణికుడు గమ్యం ఎంపికలో ఈ మూడు రెట్ల తేడాను గమనించకుండా, హిందీ, తెలుగు సినిమా పాటలు దశాబ్దాలుగా చూపించిన ఆల్ప్స్ మంచుకొండలకే ముందుగా టికెట్ తీసుకోవడం, ఖండం మొత్తంలో అత్యంత ఖరీదైన సేవలను బలహీనమైన ద్రవ్యంతో కొనడమవుతుంది.

ఇక్కడ ఎదురయ్యే సాధారణమైన పొరపాటు, రూపాయికన్నా వేగంగా పతనమవుతున్న ద్రవ్యం ఎక్కడుందో వెతికి ఆ దేశానికి వెళ్లమనే సలహా. దాని పరిమితికి టర్కీ స్పష్టమైన ఉదాహరణ. 2021 మొదట్లో యూరోకు తొమ్మిది లీరాలుండగా 2025 చివరికి అవి 50 దరిదాపులకు చేరాయి. ఆ సంఖ్య చూసి ఇస్తాంబుల్ కారుచౌక అయిందనుకున్నవారు అక్కడి ధరలు అంతకంతకూ పెరగడాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2022 అక్టోబరులో అధికారిక ద్రవ్యోల్బణమే 85 శాతం దాటింది. మారకం రేటులో వచ్చిన మార్పును రెండు దేశాల ధరల పెరుగుదలతో సరిచేయగా మిగిలేదాన్ని ‘వాస్తవ మారకం రేటు’ అంటారు. ప్రయాణికుడికి పనికొచ్చేది అదే. హంగరీలోనూ ఈ కథే నడిచింది: 2022 అక్టోబరులో యూరోకు 430 ఫోరింట్లదాకా పడిపోయిన ద్రవ్యాన్ని చూసి బుడాపెస్ట్‌కు పరుగెత్తినవారికి కొద్ది నెలల్లోనే 25 శాతం దాటిన ద్రవ్యోల్బణం ఎదురైంది. ఈ సరిచూపు రూపాయికి కూడా వర్తిస్తుంది. యూరో వచ్చాక గడిచిన ఆ పావు శతాబ్దంలో భారతదేశపు ధరలూ, వాటితోపాటు జీతాలూ యూరో దేశాలకన్నా చాలా వేగంగా పెరిగాయి కాబట్టి, వాస్తవ లెక్కలో రూపాయి పోగొట్టుకున్నది సగం కానే కాదు.

దీనికి ఎదురుదిశలో నడిచిన ఉదాహరణ అల్బేనియా. 2015 ప్రాంతంలో యూరోకు 140 లెక్‌ల దగ్గర ఉన్న మారకం 2024 నాటికి 100 కన్నా దిగువకు వచ్చింది. పర్యాటకులు తెచ్చే విదేశీ ద్రవ్యం, విదేశాల్లోని అల్బేనియన్లు పంపే సొమ్ము, నిర్మాణరంగంలోకి వచ్చిన పెట్టుబడులు ఇందుకు కారణాలుగా చెబుతారు. 2023లో ఆ చిన్న దేశానికి కోటిమందికి పైగా సందర్శకులు వచ్చారు. ‘ఐరోపాలో అతిచౌక’ అన్న ముద్ర పడిన చోటే ఆ ముద్ర వల్ల ధరలు పెరిగి, తీరప్రాంతపు వేసవి రేట్లు ఇటలీ రేట్లను తలపించే స్థితి ఏర్పడింది. చౌక గమ్యాల జాబితాలు రెండేళ్లకోసారి తిరగరాయాల్సి రావడానికి కారణం ఇదే. అలా తిరగరాయించిన మరో కారణం యుద్ధం: 2021 ఆగస్టులో ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలోని నాటు నాటు పాట చిత్రీకరణ జరిగిన ఉక్రెయిన్ రాజధాని కీవ్ అప్పటికి ఖండంలో చౌక రాజధానుల్లో ఒకటి; తెలుగు విద్యార్థులు వైద్యవిద్యకోసం ఆ దేశానికి వెళ్లడానికి ఆ చౌకదనమూ ఒక కారణమే. ఆరు నెలలు తిరిగేసరికి ఆ తలుపు మూసుకుపోయింది.

ద్రవ్యం పేరు కూడా నమ్మదగిన ఆనవాలు కాదు. మాంటెనెగ్రో, కొసొవో ఐరోపా సంఘంలో సభ్యులు కాకపోయినా యూరోనే వాడుకుంటున్నాయి, అయినా అక్కడి భోజనం ధర పారిస్ ధరకు ఎంతో దిగువన ఉంటుంది. బోస్నియా ద్రవ్యమైన ‘మార్కు’ యూరోకు 1.95583 చొప్పున స్థిరంగా కట్టి ఉంది. అది ఒకప్పటి జర్మన్ మార్కుతో సరిసమానంగా పుట్టి, జర్మనీ తన మార్కును వదిలేశాక కూడా ఆ పాత రేటునే మోస్తున్న ద్రవ్యం. బల్గేరియా లెవ్ సైతం అదే రేటుతో దశాబ్దాలు గడిపి, 2026 జనవరి 1న అదే రేటుకు యూరోలో కలిసిపోయింది. యూరో వచ్చిందని సోఫియా ఒక్కరాత్రిలో ఫ్రాంక్‌ఫర్ట్ అయిపోదు; వేతనాలు మారేదాకా సేవల ధరలు పాత దారిలోనే నడుస్తాయి. బల్గేరియాలో ఇకమీదట ద్రవ్యం రెండుసార్లు మార్చుకునే నష్టం తప్పడం భారతీయ ప్రయాణికుడికి లాభమే.

ఖర్చుల కూర్పు అనే రెండో అంశం తెలుగు రాష్ట్రాల నుంచి బయలుదేరేవారి విషయంలో మరీ కీలకమైనది. ఐరోపా ప్రయాణంలో కొంత ఖర్చు ఎన్ని రోజులు ఉన్నా మారదు: విమానం టికెట్, వీసా రుసుము, దరఖాస్తు కేంద్రం తీసుకునే సేవా రుసుము. విజయవాడ, తిరుపతి, వరంగల్ వంటి చోట్ల నుంచి వచ్చేవారికి హైదరాబాదుకో చెన్నైకో బెంగళూరుకో చేరే దారిఖర్చు కూడా ఇందులో చేరుతుంది. 29 దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా రుసుము 2024 జూన్‌లో పెద్దలకు 80 యూరోల నుంచి 90కి పెరిగింది. దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఆ సొమ్ము తిరిగి రాదు. 2024లో భారతీయులు పెట్టుకున్న 11 లక్షలకు పైగా దరఖాస్తుల్లో దాదాపు 15 శాతం తిరస్కరణకు గురయ్యాయి. బలహీన ద్రవ్యం గలవారికి ఇది నిజమైన అన్యాయం, ఎందుకంటే ఆ రుసుము జర్మనీలో కొన్ని పూటల భోజనం ఖర్చుకు సమానమైతే, తెలుగునాట అది ఎందరికో ఎన్నో రోజుల కూలీ.

మారని ఖర్చు ఉన్నచోట రోజుల సంఖ్య పెంచడమే దాని భారాన్ని తగ్గించే మార్గం. కేవలం ఉదాహరణకు ఒక లెక్క వేసుకోవచ్చు: టికెట్, వీసా, బీమా కలిపి మనిషికి 85,000 రూపాయలనుకుంటే, రోజుకు 15,000 ఖర్చయ్యే ఖరీదైన దేశాల్లో ఎనిమిది రోజులకు మొత్తం 2,05,000 అవుతుంది, రోజుకు 6,000తో గడిచే దేశాల్లో అదే సొమ్ముకు 20 రోజులు ఉండవచ్చు. మొదటి ప్రయాణంలో స్థిరమైన ఖర్చు రోజుకు 10,600 పైచిలుకు పడితే, రెండోదానిలో 4,250 మాత్రమే పడుతుంది. పది రోజుల్లో ఏడు దేశాలు చూపిస్తామనే ప్యాకేజీ టూర్లు దీనికి సరిగ్గా విరుద్ధంగా పనిచేస్తాయి: స్థిర వ్యయాన్ని తక్కువ రోజులమీద రుద్ది, ఆ రోజుల్లోనూ అధికభాగం బస్సు కిటికీలోంచి గడిపించి, ఖండంలోని అత్యంత ఖరీదైన చోట్లనే ఎంచుకుంటాయి. భాష రాని చోట తోడు, వంటవాడు చేసిపెట్టే పప్పన్నం, వీసా పత్రాల బాధ్యత కోరుకునే వృద్ధులకు వాటి అవసరం ఉన్నమాట నిజమే. ఆరోగ్యం, ఓపిక ఉన్నవారు వాటికి చెల్లించే మూల్యం మాత్రం చాలా ఎక్కువ.

వీసా నియమాల్లో వచ్చిన ఒక మార్పు ఈ స్థిర వ్యయాన్ని కొంత తేలిక చేసింది. 2024 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ భారతదేశంలో నివసించే భారతీయులకోసం తెచ్చిన విధానం ప్రకారం, గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు పొంది సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్లపాటు ఎన్నిసార్లైనా ప్రవేశించగల వీసా, పాస్‌పోర్టు గడువు తగినంత ఉంటే ఆ తర్వాత సాధారణంగా ఐదేళ్ల వీసా ఇస్తారు. దరఖాస్తు ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే పెట్టుకోవాలన్న నియమం ఉంది కాబట్టి, పోలండ్‌లోనో హంగరీలోనో అధికకాలం గడపదలిచినవారు ఆ దేశం ద్వారానే వెళ్లాలి. బాల్కన్ దేశాల్లో చాలావరకు, అంటే సెర్బియా, బోస్నియా, మాంటెనెగ్రో, ఉత్తర మాసిడోనియా, అల్బేనియా, షెంగెన్‌కు వెలుపల ఉన్నా, చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసాతో వచ్చే భారతీయులను వేర్వేరు షరతులమీద అనుమతిస్తున్నాయి. ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే చెల్లే వీసాతో క్రొయేషియా నుంచి సరదాగా సారాయెవో వెళ్లినవారికి తిరుగుదారి మూసుకుపోతుందన్న హెచ్చరికను ఇక్కడ గట్టిగా చెప్పాలి. షరతులు తరచు మారుతుంటాయి కూడా. 2022 చివరిదాకా భారతీయులకు వీసా లేకుండా తలుపు తెరిచిన సెర్బియా 2023 జనవరి 1 నుంచి ఆ సౌకర్యాన్ని ఎత్తివేసింది.

గమ్యాల్లో మొదటగా పరిశీలించదగినది పోలండ్. అక్కడి ద్రవ్యం జ్లోటీ పతనమైనది కాదు, ధరలూ ఏటా పైకే వెళుతున్నాయి. అయినా క్రాకోవ్, వ్రొత్స్వాఫ్, గ్దాన్‌స్క్ నగరాల్లో రైలు, మ్యూజియం, భోజనం కలిపి చూసినప్పుడు రాశికీ వాసికీ సరితూగేవి పశ్చిమ ఐరోపాలో అరుదు. క్రాకోవ్ పాతపట్టణం, దాని చెంతనున్న వీలిచ్కా ఉప్పుగని 1978లో యునెస్కో ప్రకటించిన తొట్టతొలి వారసత్వ జాబితాలోనే చోటు సంపాదించాయి. శాకాహారులైన తెలుగువారికి పోలండ్ చేసే అసలు మేలు ‘పాలబార్లు’ అనే భోజనశాలల రూపంలో ఉంది. వార్సాలో 1896లో మొదటిది వెలసిన ఈ శాలలు కమ్యూనిస్టు కాలంలో కార్మికుల పూటకూళ్లుగా విస్తరించాయి. నేటికీ పాలు, కూరగాయలు, పిండితో చేసే వంటకాలకు ప్రభుత్వం రాయితీ ఇస్తుంది, మాంసానికి ఇవ్వదు. బంగాళాదుంప, జున్ను కూరిన పియెరోగి అనే ఉడికించిన కజ్జికాయల వంటి వంటకం, దోసెను పోలిన నలెష్నికి, బీటుదుంప చారు అక్కడ రైల్వేస్టేషను క్యాంటీను ధరలకు దొరుకుతాయి. వార్సాలో ‘మంచి మహారాజు’ పేరుతో ఒక చిన్న ఉద్యానం ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జామ్‌నగర్ దగ్గరి బాలాచడిలో పోలిష్ అనాథ బాలలకు ఆశ్రయమిచ్చిన నవానగర్ జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింగ్‌జీ స్మృతికి అది గుర్తు.

హంగరీ రాజధాని ఒకప్పటి చౌకదనాన్ని కొంత పోగొట్టుకున్నా, ఆ దేశంలో బుడాపెస్ట్ దాటి వెళ్లినవారికి ధరలు చప్పున దిగుతాయి. బలటాన్ సరస్సు ఒడ్డున బలటాన్‌ఫ్యురెద్ అనే చిన్న పట్టణంలో 1926లో రవీంద్రనాథ్ ఠాగూర్ గుండెజబ్బుకు చికిత్స పొంది ఒక మొక్క నాటగా, ఆ ఒడ్డునున్న నడకదారికి ఆయన పేరే పెట్టారు.

బల్గేరియా, రొమేనియాల విషయంలో తెలుగు రచనల్లో జరిగిన ఉపేక్ష విచారకరం. 2025 జనవరి 1 నుంచి ఈ రెండూ భూసరిహద్దులతో సహా పూర్తి షెంగెన్ సభ్యులు. ఒకే వీసాతో, మధ్యలో పాస్‌పోర్టు తనిఖీల ఆటంకం లేకుండా, ఐరోపా సంఘంలో ధరలు అతి తక్కువగా ఉన్న రెండు దేశాలను చుట్టిరావడం ఇంతకు ముందెన్నడూ సాధ్యం కాలేదు. సోఫియా నడిబొడ్డున పాత స్నానశాల పక్కన వేడి ఖనిజజలం ఊరకే పారే కుళాయిల దగ్గర ఊరివాళ్లు సీసాలు నింపుకుంటారు; ప్లోవ్‌దివ్‌లో రోమన్ల నాటి రంగస్థలం నేటికీ ప్రదర్శనలకు ఉపయోగపడుతోంది; రీలా మఠం కుడ్యచిత్రాలను చూడడానికి కొండదారిలో ఒక పగలు కేటాయిస్తే చాలు. పెరుగు లేనిదే పూట గడవని తెలుగు ప్రయాణికుడికి ఆ దేశం పుట్టింటి వంటిది. పెరుగును తోడుకునేలా చేసే సూక్ష్మజీవిని 1905లో గుర్తించిన స్తామెన్ గ్రిగొరోవ్ బల్గేరియా శాస్త్రవేత్త. దోసకాయ, వెల్లుల్లి, సోయికూర కలిపి చల్లగా వడ్డించే తరతోర్ అనే పెరుగుచారు వేసవిలో ప్రతి హోటల్లోనూ ఉంటుంది. రొమేనియా పల్లెల్లో మొక్కజొన్నపిండితో కెలికే మమలిగను రాయలసీమవారు సంకటికి చుట్టమని చూడగానే గుర్తుపడతారు. సిబియు, బ్రషోవ్ పట్టణాలు, వాటి చుట్టూ శాక్సన్లు కట్టుకున్న కోటగోడల చర్చీలు, ఉత్తరాన బుకోవినా మఠాల వెలుపలి గోడలపై ఎండావానలకు ఓర్చిన చిత్రాలు, ఖర్చుతో నిమిత్తం లేకుండానే ఖండానికి ఆభరణాలు. రైళ్లు మెల్లగా నడుస్తాయి. టికెట్ చౌకే గాని ఆ ఆలస్యాన్ని రోజుల లెక్కలో ముందే కలుపుకోవాలి.

ఈ దేశాల్లో శాకాహారులు నేర్చుకోదగ్గ ఒక మాట ఉంది. ఆర్థొడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో ఎన్నో వారాలపాటు ఉపవాస నియమంగా మాంసం, గుడ్లు, పాలు మానేస్తారు; ఆ భోజనాన్ని రొమేనియాలో ‘దె పోస్త్’ అనీ, బల్గేరియాలో ‘పొస్త్‌నొ’ అనీ, సెర్బియాలో ‘పొస్నొ’ అనీ అంటారు. చేప కొన్నిచోట్ల మినహాయింపుగా కలుస్తుంది కాబట్టి అది మాత్రం విడిగా అడగాలి. ‘వెజిటేరియన్’ అంటే అర్థం కాని పల్లె హోటల్లో ఈ మాటకు చిక్కుడుగింజల పులుసో, క్యాబేజీ చుట్టలో వెంటనే బల్లమీదికి వస్తాయి.

పశ్చిమ బాల్కన్ దేశాల్లో కొన్ని ధరల్లో వీటికి దగ్గరగా, కొన్ని వీటికీ దిగువన ఉంటాయి. ఉత్తర మాసిడోనియా దినార్ చాలాకాలంగా యూరోకు 61, 62 మధ్య కదలకుండా ఉంది. ఓహ్రిద్ సరస్సు ఒడ్డున వారం గడపడం ఇటలీ సరస్సుల దగ్గరకన్నా ఎంతో తక్కువ ఖర్చుతో సాధ్యమవుతుంది. 1910లో మదర్ థెరిసా పుట్టిన స్కోప్యే నగరంలో ఆమె స్మారక గృహం ఉంది. బోస్నియాలో 1993లో ఫిరంగులకు కూలి 2004లో తిరిగి లేచిన మోస్తార్ వంతెన, అల్బేనియా తీరానికి దూరంగా కొండల్లో ఉన్న బెరాత్, జిరోకాస్త్ర పట్టణాలు, తీరప్రాంతాలంతగా ధరల తాకిడికి గురికానివే. బెల్‌గ్రేడ్‌లో 2025 జనవరి నుంచి నగర రవాణా అందరికీ ఉచితం.

పశ్చిమ ఐరోపా నుంచి పూర్తిగా ముఖం తిప్పుకోనక్కర్లేదు. స్పెయిన్‌లో మధ్యాహ్నపు నిర్ణీత భోజనం, పోర్చుగల్‌లో లోపలి జిల్లాలు, దక్షిణ ఇటలీ, లండన్‌లోని జాతీయ మ్యూజియంల ఉచిత ప్రవేశం, 2020 నుంచి లక్సెంబర్గ్‌లో టికెట్ లేని బస్సులూ రైళ్లూ, ఖరీదైన నేలమీద చౌకగా మిగిలిన తునకలు. అయితే గాలి ఎటు వీస్తున్నదో లూవ్ర్ మ్యూజియం చూపించింది: 2026 జనవరి నుంచి ఐరోపా ఆర్థిక ప్రాంతానికి వెలుపలివారు అక్కడ 32 యూరోలు చెల్లించాలి, లోపలివారికి 22 చాలు.

కాలం ఎంపికలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాలకు తెలియకుండానే దక్కిన అనుకూలత ఒకటుంది. ఐరోపాలో గదుల ధరలు శిఖరానికి చేరేది అక్కడి బడులకు సెలవులుండే జూలై, ఆగస్టు నెలల్లో. తెలుగు రాష్ట్రాల బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారంలో ముగుస్తాయి. మే నెల అక్కడ వసంతం, పగళ్లు దీర్ఘం, ధరలు నడిమి స్థాయి. దసరా సెలవులు సైతం సెప్టెంబరు, అక్టోబరుల్లో, అంటే రద్దీ తగ్గాకే వస్తాయి. దీనికి ప్రతికూలంగా నిలిచేది వీసా అపాయింట్‌మెంట్ల కొరత. దేశమంతా ఒకేసారి దరఖాస్తు చేసుకునే ఆ కాలంలో పనిని ఆరు నెలల ముందునుంచే మొదలుపెట్టవచ్చునన్న నియమాన్ని వాడుకోవాలి.

సొమ్ము మార్చుకునే విధానంలో పోయేది చిన్న మొత్తమే అనిపించినా, ప్రతి లావాదేవీలోనూ పోతుంది. భారతీయ బ్యాంకుల ఫారెక్స్ కార్డుల్లో యూరో, పౌండు, డాలరు నింపుకోవచ్చు గాని ఫోరింటు, లెయి, దినార్ సాధారణంగా ఉండవు; కాబట్టి ఆ దేశాల్లో కార్డు వాడినప్పుడు రూపాయి ముందు యూరోగా, తర్వాత స్థానిక ద్రవ్యంగా మారి రెండుచోట్లా కోత పడుతుంది. అదనపు రుసుము లేని కార్డును ఎంచుకోవడం, స్వైప్ మెషీన్ గాని ఏటీఎం గాని ‘రూపాయల్లో చెల్లిస్తారా’ అని అడిగినప్పుడు నిరాకరించి స్థానిక ద్రవ్యాన్నే కోరడం, ఈ నష్టానికి విరుగుడు. తెలిసిన ద్రవ్యంలో బిల్లు కనిపించే సౌకర్యం కోసం ఆ యంత్రం కట్టే మారకం రేటు ప్రయాణికుడికి దాదాపు ఎప్పుడూ నష్టకరమే. టూర్ ప్యాకేజీలమీదా, పరిమితి దాటిన విదేశీ చెల్లింపులమీదా మూలం దగ్గరే వసూలు చేసే టీసీఎస్ పన్ను ఖర్చు కాదు, ఆదాయపు పన్నులో సర్దుబాటయ్యే ముందస్తు చెల్లింపు. ఆ సర్దుబాటు జరిగేదాకా చేతిలో డబ్బు ఆడక ఇబ్బందిపడేది మాత్రం పొదుపు చేసి బయలుదేరిన మధ్యతరగతివారే.

స్థానిక వేతనాలు తక్కువైన చోటే చౌక గమ్యమన్న నిర్వచనం దగ్గరికి మళ్లీ రావాలి. 1980ల చివర 90 లక్షలకు దగ్గరగా ఉన్న బల్గేరియా జనాభా 2021 జనగణన నాటికి 65 లక్షలకు తగ్గింది. జననాలు తగ్గడంతోపాటు యువతరం జర్మనీ, స్పెయిన్, బ్రిటన్‌లకు పనికోసం వలసపోవడం ఇందుకు కారణం. రొమేనియా, అల్బేనియా పల్లెల్లోనూ ఇదే దృశ్యం. ప్రయాణికుడు అబ్బురపడే చౌక గదుల్లో చాలా భాగం పిల్లలు వెళ్లిపోగా తల్లిదండ్రులు అద్దెకిస్తున్న గదులు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్ డబ్బుతో లేచి తాళాలు వేసి ఉన్న మేడలనూ, కోనసీమ నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్ల ఇళ్లనూ ఎరిగిన తెలుగువారికి ఆ ఇంటి వాతావరణం పరాయిది కాదు. అటువంటి గది అద్దె విషయంలో ఒకటి రెండు యూరోలకోసం బేరమాడడాన్ని మారకం రేటు ఏ లెక్కలోనూ సమర్థించదు. ఒక రాత్రికి బదులు వారం దిగి, అద్దె ఇంటావిడ చేతికే స్థానిక ద్రవ్యంలో ఇచ్చి, ఆవిడ తోడుపెట్టిన పెరుగునూ పెరటి టమాటాలనూ కొనుక్కునే ప్రయాణికుడికి రోజు ఖర్చు తగ్గుతుంది. ఆ సొమ్ములో దళారులకు పోయే వాటా లేకుండా మొత్తం ఆ ఊళ్లోనే ఉంటుంది.